జాగ్రత్త: ధర కాగితం పీకి చూడకుండా పాత లీవర్ యాక్షన్ రైఫిల్ కొనకండి

డల్లాస్ చుట్టుపక్కల గన్ షోలకు వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి, పాత వించెస్టర్ కంపెనీ రైఫిళ్ళు మాత్రమే పరిచి, వాటికి పసుపు రంగు ధర కాగితాలు అంటించి కూర్చునే ఆ అమ్మకందారు టేబుల్ తెలిసే ఉంటుంది. ఆయన పేరు రాయను. నిన్న శనివారం ఉదయం ఆయన దగ్గర 850 డాలర్లు పోసి ఒక మోడల్ 94 లీవర్ యాక్షన్ రైఫిల్ (కింది పిడిని తోసి లాగితే తదుపరి తూటా ఎక్కే రకం) కొన్నాను, ఈ రోజు ఉదయం అదే టేబుల్ ముందు అవమానపడి తిరిగి వచ్చాను. ఇంకొకరి డబ్బు అక్కడ పోకూడదని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాకున్న పది ఎకరాల్లో అడవిపందులు పడి, రాత్రికి రాత్రే నేలంతా కుళ్ళబొడిచి పోతున్నాయి. వాటికీ, సీజనులో జింకకూ, నూటయాభై గజాల లోపు ఏ పనికైనా సరిపోయే ఒక్క రైఫిల్ కావాలనుకున్నప్పుడు థర్టీ-థర్టీ (.30-30) అనే తూటా కాల్చే లీవర్ యాక్షన్‌ను మించినది నాకు కనిపించలేదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన, 1894 నాటి ఈ మోడల్ 94కు మరుసటి ఏడాదే ఈ తూటా వచ్చింది, ఈనాటికీ వేటసామాను అమ్మే దాదాపు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. 1964లో కంపెనీ తయారీ పద్ధతి మార్చింది కనుక అంతకుముందువాటికి గిరాకీ ఎక్కువ. ఇది 1964కు ముందుదేనని ఆయన అన్న మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని చూసి మిగతాదంతా నమ్మాను. థర్టీ-థర్టీయేనా అని రెండుసార్లు అడిగాను. ఆయన బారెల్ మీద, సరిగ్గా ధర కాగితం ఉన్న చోట అరచెయ్యి ఆనించి, "థర్టీ-థర్టీ కాక ఇంకేముంటుంది?" అన్నాడు. దానితోపాటు తాను ఇంట్లో నింపుకున్న తూటాలు అరవై, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అంటగట్టాడు.

మధ్యాహ్నం రేంజ్‌కు వెళితే అక్కడి పర్యవేక్షకుడు ఆ డబ్బా తెరిచి చూసి వెంటనే మూసేశాడు. ఆ తూటాల చివరనున్న గుండ్లన్నీ సూదిమొనవి. ఈ రైఫిల్‌లో తూటాలు బారెల్ కింది గొట్టంలో, అంటే మ్యాగజైన్‌లో, ఒకదాని వెనుక ఒకటి వరుసగా కూర్చుంటాయి, అంటే ప్రతి గుండు మొన తన ముందున్న తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను (దెబ్బ తగలగానే తూటాను పేల్చే చిన్న బిళ్ళ) ఆనుకొని ఉంటుంది. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకు గట్టి సూదిమొన ఆ ప్రైమర్‌ను పొడిస్తే తూటా గొట్టంలోనే పేలవచ్చు, ఆ గొట్టం పక్కనే మన ఎడమచెయ్యి ఉంటుంది. అందుకే వీటికి మొన చదునుగానో గుండ్రంగానో ఉన్న గుండ్లు వాడతారు. మెత్తని ప్లాస్టిక్ మొనతో గొట్టం మ్యాగజైన్ల కోసమే ప్రత్యేకంగా చేసినవి కూడా ఉన్నాయి, కానీ ఆయన ఇచ్చినవి అవి కావు. ముప్పై ఏళ్ళుగా ఇవే రైఫిళ్ళు అమ్ముతున్నానని చెప్పుకునే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

అక్కడే 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) చదునుమొన థర్టీ-థర్టీ కంపెనీ తూటాలు ఒక పెట్టె కొని, యాభై గజాల దగ్గర ఐదు కాల్చాను. రెండు అసలు కాగితానికే తగల్లేదు. తగిలిన మూడూ గుండ్రటి చిల్లులు కావు, తాళంచెవి కన్నంలా అడ్డంగా చీరిన చీలికలు. అంటే గుండు తిన్నగా పోకుండా పల్టీలు కొడుతూ వెళ్ళిందన్నమాట. పర్యవేక్షకుడు కింద పడిన ఇత్తడి గొట్టం (గుండు పోయాక మిగిలే తూటా తొడుగు) ఒకటి తీసి, పెట్టెలోని కొత్త తూటాను దాని పక్కన నా అరచేతిలో పెట్టాడు. కొత్తదాని మెడ సన్నగా ఉంది. కాల్చినదాని మెడ ఉబ్బిపోయింది. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా బారెల్ మీది పసుపు కాగితాన్ని గోటితో గీకి తీశాడు. దాని కింద ఉన్న అంకె 32. అది థర్టీ-థర్టీ కాదు, థర్టీ-టూ వించెస్టర్ స్పెషల్.

ఆ రెండు తూటాల ఇత్తడి గొట్టం దాదాపు ఒకటే కనుక థర్టీ-థర్టీ తూటా థర్టీ-టూ రైఫిల్‌లోకి పోతుంది, పేలుతుంది కూడా. అయితే థర్టీ-థర్టీ గుండు వ్యాసం అంగుళంలో 0.308, ఆ బారెల్ కోరే గుండు 0.321. అంత సన్నని గుండును బారెల్ లోపలి మెలికల గాడులు పట్టుకొని తిప్పలేవు. అటువంటి రైఫిల్‌తో పందిని కాల్చి ఉంటే అది ఎక్కడో గాయపడి, పొదల్లో పడి రోజుల తరబడి చచ్చేది.

ఈ రోజు ఉదయం తలుపులు తీయగానే రైఫిల్, మిగిలిన తూటాలు, ఆ ఉబ్బిన గొట్టం తీసుకొని వెళ్ళాను. డబ్బు మొత్తం ఇవ్వకపోయినా, కనీసం పొరపాటయిందని అంటాడనుకున్నాను. ఆయన గొట్టాన్ని వేళ్ళమధ్య ఒకసారి తిప్పి చూసి, తన కాళ్ళ దగ్గరున్న పాత ఇత్తడి బకెట్లో పడేశాడు. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. నా దగ్గరున్న ఒక్క రుజువూ వందల గొట్టాల్లో కలిసిపోయింది. "బారెల్ మీద రాసే ఉంది కదా, చదువుకున్నవాడివి చదువుకోలేదా? మూడు వందల యాభై ఏడు రైఫిల్‌లో థర్టీ-ఎయిట్ కాల్చుకోరూ, ఇదీ అంతే" అన్నాడు. ఇదీ అంతే అనడం పచ్చి అబద్ధం. .357 మాగ్నం, .38 స్పెషల్ రెండింటికీ గుండు వ్యాసం ఒకటే, గొట్టం పొడవే తేడా. ఇక్కడ గుండే వేరు. నేను ఆ మాట చెబుతూ ఉండగానే ఆయన నా వైపు వీపు పెట్టి, పక్కనున్న ఒక కుర్రవాడికి మరో రైఫిల్ చూపించడం మొదలుపెట్టాడు. దాని బారెల్ మీద కూడా అదే చోట పసుపు కాగితం ఉంది.

మా బావమరిది లైసెన్సున్న దుకాణంలోనే కొనమని వారం రోజులుగా చెబుతూనే ఉన్నాడు, నేను వినలేదు. కాగితం తీసి చూపించమని అడగడానికి మొహమాటపడ్డాను. ఆ తప్పు నాదే.

కొనదలచినవారికి నాలుగు మాటలు చెబుతాను. బారెల్ మీది అక్షరాలు మీ కళ్ళతో మీరే చదవండి. పాత రైఫిలైతే మొదటి తూటా కాల్చకముందే తుపాకులు బాగుచేసేవారికి చూపించండి. ఇతరులు ఇంట్లో నింపిన తూటాలు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. థర్టీ-థర్టీకి 150 గానీ 170 గానీ గ్రెయిన్ల చదునుమొన కంపెనీ తూటాలు చాలు. హెచ్-వన్-బీ మీద ఉన్న తమ్ముళ్ళకు ఇంకొక మాట: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా మీ దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. టేబుల్ దగ్గర ప్రైవేటుగా అమ్మేవారు మీ వీసా గురించి అడగకపోవచ్చు, కానీ కేసు మీ మీదే పడుతుంది.

ఆ కుర్రవాడు మనవాడిలాగే కనిపించాడు. నేను తిరిగి వెళ్ళి చెప్పేలోపు జనంలో కలిసిపోయాడు. నిన్న గానీ ఈ రోజు గానీ ఆ టేబుల్ దగ్గర రైఫిల్ కొన్నవారు మీలో ఎవరైనా ఉంటే, దయచేసి కాల్చకండి, ముందు ఆ పసుపు కాగితం తీసి చూడండి.