కావలి కొట్ల వాళ్లూ, మీ గొంతు రికార్డు చేసి ఎవరికీ ఇవ్వకండి

ఏఐ గొంతుతో ప్రకటనలు చేసిపెడతామని ఆషాఢం ముందు ట్యాబ్ పట్టుకుని మన కొట్లన్నీ తిరిగిన వాళ్లు గుర్తున్నారు కదా. పేరు రాయను, మీకందరికీ తెలుసు. వాళ్లకి నేను 7,500 కట్టాను. మీరెవరూ కట్టకండి. కట్టి ఉంటే ఈ రాత్రే మీ కస్టమర్లకు ఫోన్ చేసి చెప్పుకోండి.

పది నిమిషాలు గొంతు రికార్డు చేసి ఇస్తే, ఆ తర్వాత మనం ఏది టైపు చేసినా మన గొంతుతోనే ఆడియో వస్తుందన్నారు. ఆటో మైకుకి అదే, వాట్సాప్‌కి అదే. నంబర్ల లిస్టు ఇస్తే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఆఫర్ చెబుతుంది. నిజంగానే పని చేసింది. రోజుకి వందమందికి ఫోన్ చేసే బాధ తప్పింది, దగదర్తి నుంచి కూడా జనం వచ్చారు. చాలా సంతోషపడ్డాను.

నిన్న మధ్యాహ్నం జలదంకి నుంచి అత్త వచ్చింది. బంధువు కాదు, పన్నెండేళ్లుగా మా దగ్గరే చీరలు కొంటుంది, వరస అట్లా కలిసిపోయింది. కూర్చుని మంచినీళ్లు తాగి, "నా రెండు చీరలు పక్కన పెట్టావా అబ్బయ్యా" అంది. ఏ చీరలన్నాను. "శ్రావణం స్టాక్ వచ్చింది, సగం ధరకే ఇస్తా, అడ్వాన్స్ పంపమన్నావు కదా. మనవడి చేత 4,000 ఫోన్‌పే చేయించాను." నేను ఫోన్ చేయలేదత్తా అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్వే కదా. నీ గొంతే. అత్తా అనే పిలిచావు" అంది.

నాకు నోట మాట రాలేదు. నా ఫోన్లో ఆమె నంబరు 'జలదంకి అత్త' అని సేవ్ చేసి ఉంది. వాళ్లకిచ్చిన లిస్టులోనూ అట్లాగే వెళ్లింది. డబ్బు తీసుకుని లేదంటున్నానేమో అని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది, నాకు తెలిసిపోయింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అట్లా చూడలేదు. గల్లాపెట్టెలోంచి 4,000 తీసిస్తే ముట్టుకోలేదు. "నువ్వు తీసుకోలేదంటున్నావుగా, నువ్వెందుకు ఇవ్వాలి" అని లేచి వెళ్లిపోయింది.

వెంటనే వాళ్లకు ఫోన్ చేసి, నా రికార్డింగూ లిస్టూ తీసెయ్యమన్నాను. "గొంతు మీరే ఇచ్చారు సార్, లిస్టు మీరే ఇచ్చారు, కింద ఓకే కూడా మీరే నొక్కారు. మాకేం సంబంధం?" అని పెట్టేశాడు. ఆ తర్వాత నంబరు కలవడం లేదు. అత్తకు ఫోన్ చేసింది వాళ్లో, వాళ్ల దగ్గర కొన్న ఇంకెవరో నాకు తెలియదు. గొంతూ లిస్టూ రెండూ నేనిచ్చింది మాత్రం వాళ్లకే.

అత్త మనవడి చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. వెంటనే చెప్పి ఉంటే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలుండేది, మాకు తెలిసేసరికే మూడు రోజులైంది. నేను స్టేషన్లో విడిగా ఫిర్యాదు ఇచ్చాను. ఫోన్లో, కంప్యూటర్లో ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు.

తప్పు నాది కూడా. 640 మంది నన్ను నమ్మి నంబర్లు ఇచ్చారు. ఒక్కరినీ అడగకుండా వేరేవాడి చేతిలో పెట్టాను. గొంతు కాపీ చేయడానికి ఇప్పుడు కొన్ని సెకన్ల ఆడియో చాలు. నేను షట్టర్ దించి, ఫ్యాన్ ఆపి పది నిమిషాలు ఇచ్చాను.

ఏఐ అసలు వద్దని చెప్పను. సూరత్ నుంచి హిందీలో వచ్చే మెసేజీలు దాంతోనే తెలుగు చేసుకుంటాను, జీఎస్టీలో అనుమానమొస్తే ముందు దాన్నడిగి తర్వాత ఆడిటర్‌కి చూపిస్తాను. వాటికి నా గొంతూ అక్కర్లేదు, జనం నంబర్లూ అక్కర్లేదు.

నిన్న సాయంత్రం నుంచి ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తున్నాను. 70 మంది అయ్యారు. సగం మంది "ఇది నువ్వేనా?" అని అడుగుతున్నారు. పెట్టేసి కొట్టు నంబరుకి మీరే తిరిగి చేయండి అంటున్నాను. మీ వాళ్లకి మీరూ అదే చెప్పండి, 'ఫోన్లో మేం అడ్వాన్స్ అడగము' అని కొట్టు ముందు బోర్డు పెట్టండి. జలదంకి, బోగోలు వైపు మా కస్టమర్లు ఎవరైనా తెలిస్తే, నా గొంతుతో ఫోన్ వచ్చినా రూపాయి పంపొద్దని చెప్పండి.