ఊరి ఆసుపత్రికి చందాలు: డబ్బు ఎవరి ఖాతాలో పడితే మేలు?

ఊరి పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, నెబ్యులైజర్లు కావాలి, కాన్పుల గదికి ఇన్వర్టర్ కావాలి. డాక్టరుగారు పైకి రాసి పంపారు, ఎప్పుడొస్తాయో తెలీదు. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో "మనమే కొనిచ్చేద్దాం" అంటారు. ఇచ్చేవాళ్లకు కొదవుండదు. డబ్బు ఎవరికి పంపాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

అందరికీ ముందు తట్టేది గ్రూపు పెద్ద ఫోన్‌పే నంబరు. సాయంత్రానికల్లా డబ్బు వచ్చేస్తుంది, కమీషన్ ఉండదు. ముప్పై నలభై వేల పనైతే నేనూ ఇదే మేలంటాను, ఎవరెంత వేశారో, ఎంత ఖర్చయిందో ఎప్పటికప్పుడు గ్రూపులో పెడితే చాలు. వినాయక చవితి చందాకే పుస్తకం రాస్తాం, దీనికి రాయకపోతే ఎలా? అంతకు మించిన పనైతే మాత్రం వద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50,000 రూపాయలు దాటితే, దాటినంత వరకే కాదు, మొత్తం మీ ఆదాయంగానే లెక్కేస్తారు. ఆసుపత్రి కోసమే తీసుకున్నానని కాగితాలు చూపించి వాదించుకోవచ్చు. ఊరికి మేలు చేయబోయి ఆ టెన్షన్ ఎందుకు?

కెటో, మిలాప్ లాంటి ఆన్‌లైన్ చందాల సైట్ల సంగతి వేరు. పిల్లాడికి ఆపరేషన్, ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్, వారం గడువు ఉన్నప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా సాయం చేస్తారు. అక్కడ వాటికి సాటి లేదు. పీహెచ్‌సీ ఇన్వర్టర్ కథ విని బయటివాళ్లు కరిగేదేమీ ఉండదు. చివరికి వేసేది మనవాళ్లే అయినప్పుడు గేట్‌వే చార్జీలు, సైటుకు టిప్పు కట్టి ఆ దారిన పంపడం దండగ.

ఇక ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతా. లెక్క పక్కాగా ఉంటుంది, మీ మీద మాట రాదు. కానీ అందులో పడ్డ డబ్బు కదలాలంటే కమిటీ కూర్చోవాలి, తీర్మానం కావాలి. కొన్నిచోట్ల అధ్యక్షులు ఎమ్మెల్యేగారే. ఆయన తీరిక చూసుకునేలోపు కొటేషన్ గడువు అయిపోతుంది.

అందుకే పెద్ద మొత్తమైతే నా ఓటు వస్తువు రూపంలో ఇవ్వడానికే. ఫలానాది కావాలని మెడికల్ ఆఫీసర్ దగ్గర లెటర్ తీసుకోండి. రెండు మూడు కొటేషన్లు తెప్పించి గ్రూపులో పెట్టండి. పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్లు డీలరు ఖాతాకే నేరుగా పంపితే మీ చేతికి మసి అంటదు. వస్తువు దిగాక స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఆ పేజీ ఫొటో తీయండి. ఇందులో పోయేది పన్ను మినహాయింపు ఒక్కటే. ఆ మినహాయింపు రసీదు (అందరూ 80జీ అనేది) కావాలనేవాళ్ల కోసం, అది ఇచ్చే అనుమతి ఉన్న ట్రస్టును పట్టుకోవాలి. దానికీ 2,000 రూపాయలు దాటిన నగదు పనికిరాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ రసీదుతో లాభమూ లేదు.

వస్తువు ఎంపికలో మాత్రం తొందరపడొద్దు. గొప్పగా ఉంటుందని అల్ట్రాసౌండ్ మిషన్ ఇస్తామంటారు కొందరు. లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన చోటికి తప్ప దాన్ని అమ్మకూడదు. ఎక్స్‌రేకు రక్షణ ఉన్న గది, తీసే మనిషి కావాలి. ఈసీజీకి పేపర్ రోల్స్ ఎవరు కొంటారో ముందే అడగాలి. నెబ్యులైజర్లు, ఇన్వర్టర్, కూర్చోడానికి బెంచీలు, మంచినీళ్ల ఫిల్టర్ లాంటివి చిన్నవిగా కనిపిస్తాయి కానీ రోజూ వాడతారు.

అమెరికా స్నేహితుల డబ్బుకు ఇంకో లెక్క. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని మీ ఖాతాలో వేయించుకోకండి, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థ ద్వారా రప్పించండి.

కొన్నాక ఎంతో కొంత మిగులుతుంది. దాన్ని తిరిగి పంచే బదులు అభివృద్ధి సంఘం ఖాతాలో వేసి, ఇన్వర్టర్ బ్యాటరీ మార్చడానికేనని తీర్మానం రాయించండి. బ్యాటరీ కొన్నేళ్లకు ఎలాగూ పోతుంది, కమిటీ కూర్చోడానికి అంతవరకూ టైముంటుంది.