షూర్ ఎస్ఎం57: బండల గదిలో రాక్ ఆల్బమ్‌కు పనికొస్తుందా?

సొంతంగా రాసుకొని పాడేవాళ్లకు బాగానే పనికొస్తుంది. 1965లో వచ్చిన డైనమిక్ (తీగచుట్ట కదలికతో పనిచేసే) మైకు ఇది. నల్లగొండలో షాబాద్ బండలు పరిచిన గదుల్లో చిన్న చప్పుడునూ పట్టేసే కండెన్సర్ రకం మైకు పెడితే గదంతా గంటలా మోగుతుంది, వీధిలో ఆటో హారన్ కూడా పాటలో చేరుతుంది. ఎస్ఎం57ను దగ్గర పెట్టి వాడతాం కాబట్టి ఆ గోల తగ్గుతుంది.

అసలు సత్తా ఎలక్ట్రిక్ గిటార్ దగ్గర. ఆంప్ (గిటార్ స్పీకర్ పెట్టె) ముందుండే గుడ్డకు రెండు వేళ్ల దూరంలో పెట్టి, స్పీకర్ మధ్య నుంచి అంచు వైపు మెల్లగా జరపండి. నడిమధ్యన చెవిని గీకుతుంది, అంచుకు పోతే మొద్దుబారుతుంది. అంగుళం తేడాకే సౌండ్ మారిపోతుంది.

గొంతుకు ఐదారు అంగుళాల దూరం, ప, బ అన్నప్పుడు కొట్టే గాలిని ఆపే పాప్ ఫిల్టర్ తప్పనిసరి. మూతికి ఆనిస్తే బేస్ ఉబ్బి మాటలు మునుగుతాయి. మైకు చూసేది పాడేవాళ్ల వైపే కాబట్టి బొంతలు వాళ్ల వెనక వేలాడదీయాలి. ఎండాకాలమైనా రికార్డింగ్ అయ్యేదాకా ఫ్యాను బంద్!

లోపమల్లా సిగ్నల్ చిన్నది కావడమే. మెల్లగా పాడే చరణానికి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ (సిగ్నల్ పెంపు) అడుగుతుంది. మైకును కంప్యూటర్‌కు కలిపే చవక ఇంటర్‌ఫేస్‌లో అంత పెంచితే వెనక సుయ్‌మంటుంది. అకూస్టిక్ తీగల మెరుపూ అంతంతే.

నకిలీలు బోలెడు. అసలుది 284 గ్రాములు, కాంటా మీద తేలిగ్గా తూగితే కొనకండి.