రాయపురంలో ఒక వడ్రంగి షెడ్డు: పాత తెరచాప పడవకు టేకు పని

చెన్నైలో 1911 నుంచీ యాట్ క్లబ్, అంటే తెరచాప పడవలవాళ్ళ క్లబ్, ఉంది. కానీ ఫైబర్ పడవలు వచ్చాక టేకు పని తెలిసినవాళ్ళు దొరకడం కష్టమైపోయింది. మా పాత పడవ అంచుపట్టీలు, చుక్కాని పిడి, కూర్చునే బల్ల అన్నీ చేవదేరిన టేకే. ఇదివరకు ఇంకోచోట ఇస్తే తలుపులకు వేసే గట్టి పాలిష్ కొట్టిచ్చారు. ఒక్క ఎండాకాలానికే పెచ్చులు లేచాయి. ఎండకీ తడికీ చెక్క సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. దాంతోపాటు సాగలేని పూత పగలక ఏం చేస్తుంది?

ఈసారి రాయపురంలో ఒక ఆచారిగారికి అప్పజెప్పాను. ఆయన ముందు మంచినీళ్ళతో ఉప్పంతా కడిగించారు. పాత పూత మొత్తం గీకి, 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, 220 దాకా చెక్క గీత వెంబడే రుద్దారు. ఇనప స్క్రూల చుట్టూ పట్టిన నల్లమచ్చలు ఆక్సాలిక్ యాసిడ్‌తో వదిలాయి. ఆ స్క్రూలు తీసేసి ఇత్తడివి బిగించి, పైన టేకు బిరడాలు కొట్టారు. ప్రతి బిరడా గీతనీ పట్టీ గీతతో కలిపి, ఉలితో కొంచెం కొంచెంగా చెక్కి సమం చేశారు. వేలితో తడిమితే అతుకు తెలియదు. ఈ పని చూశాకే నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

టేకులో నూనె ఉంటుంది కాబట్టి అసిటోన్‌తో తుడిచాకే వార్నిష్ ముట్టుకున్నారు. ఎండని తట్టుకునే మెరైన్ వార్నిష్, మొదటి పూత థిన్నర్ కలిపి పల్చగా. మధ్యాహ్నం పూత వేయమంటే ఒప్పుకోలేదు. "సముద్రపు గాలి తిరిగితే దుమ్మంతా దీనిమీదే సార్, పొద్దున్నే వేద్దాం" అన్నారు. సాయంత్రం వేస్తే మంచుకి మెరుపు చస్తుందట. మొత్తం ఆరు పూతలు, పూతకీ పూతకీ మధ్య మళ్ళీ రుద్దుడు.

లోపం ఒక్కటే. బల్ల అడుగున ఒక్క పూతతో వదిలేశారు. తడి ఎక్కేది ముఖ్యంగా అక్కడినుంచే. చెప్తే మారుమాట లేకుండా మళ్ళీ వేశారు. కూలీ, సరుకు కలిపి 22,000 అయింది. నా దృష్టిలో న్యాయమైన ధరే.

తొందరుంటే మాత్రం వెళ్ళకండి. అక్టోబరులో వానలు పట్టాక ఇస్తే పూత ఆరదు, జనవరి తర్వాత ఇవ్వండి. మిగిలిన వార్నిష్ డబ్బా అడిగి తెచ్చుకోండి, ఏటా పైపూతకి పనికొస్తుంది.