మధ్యాహ్నం 2కే మూసేసే స్పానిష్ హోటల్

విశాఖ ఎంవీపీ కాలనీలో కొత్తగా పెట్టిన స్పానిష్ హోటల్‌కి అమ్మని తీసుకెళ్లాను. తోర్తియా బాగుంది, గుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయ వేసి మన దిబ్బరొట్టెంత మందంగా కాల్చారు, అమ్మ మాత్రం కారం లేదని ఆవకాయ అడిగింది. టమాటా రుద్దిన రొట్టె ముక్కలు రెండు 240 రూపాయలు, అన్యాయం. అసలు చిరాకేంటంటే సరిగ్గా 2కి "సియెస్టా టైమండీ" (అంటే మధ్యాహ్నం కునుకు వేళ) అని లైట్లు ఆర్పేశారు. నేను ఏడాదిపాటు స్పెయిన్ పల్లెటూళ్లో ఉన్నాను బాబూ, 2 నుంచి 5 దాకా మూసేది కొట్లు, జనం భోంచేసేదే ఆ వేళకి, రాత్రి తిండి 9 దాటాకే. పొద్దున్నే రొట్టెల వ్యాను హారన్ కొట్టుకుంటూ వస్తే ముసలాళ్లంతా సంచులతో వీధిలోకి వచ్చి కబుర్లలో పడేవాళ్లు, వ్యాను వెళ్లిపోయినా కదిలేవాళ్లు కాదు. తోర్తియా కోసం మళ్లీ వెళ్తాను, కానీ 12కే.