హైదరాబాద్‌లో లాడ్జి గెంటేసింది, అమీర్‌పేట అన్నం పెట్టింది

హైదరాబాద్ చూడబోయే ఆడపిల్లలకు ముందే ఒక మాట. యాప్‌లో బొమ్మ చూసి లాడ్జి బుక్ చేసి, దాన్ని నమ్ముకుని రాత్రిపూట రైలు దిగొద్దు. తిన్నగా అమీర్‌పేట పోయి లేడీస్ హాస్టల్లో రోజు లెక్కన ఉండండి. ఆ లాడ్జి కౌంటర్ దగ్గర మేం నిలబడిన ముప్పావుగంట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే చార్మినార్ కంటే దాని గురించే ముందు రాస్తున్నాను.

మేం నలుగురం, కర్నూల్లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా హాస్టల్లో పేర్లు పెట్టి పిలుచుకోవడం తక్కువ, ఊరి పేరే మనిషి పేరు. ఆదోని పిల్ల, నంద్యాల పిల్ల, గద్వాల పిల్ల, డోన్ పిల్లనైన నేను. ఇంటర్నల్స్ అయిపోయిన శుక్రవారం మధ్యాహ్నం తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. సెకండ్ సిట్టింగ్ తలా వంద రూపాయల చిల్లర. రైలు గురించి చెప్పడానికేం లేదు. కాచిగూడలో దిగేసరికి చీకటి పడింది.

స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలోనే లాడ్జి. నలుగురికి ఒక గది, అదనంగా ఒక పరుపు, రెండు రాత్రులకు 2,760 రూపాయలు. అందులో 700 యాప్‌లో ముందే కట్టేశాం. ఖరారైనట్టు మెసేజ్ కూడా ఉంది. కౌంటర్‌లో కూర్చున్నాయన మా నాలుగు ఆధార్ కార్డులూ తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పెద్దోళ్లెవరూ రాలేదా?" అన్నాడు.

"మేమే పెద్దోళ్లం సార్," అంది నంద్యాల పిల్ల.

"ఓన్లీ లేడీస్‌కు రూమ్ ఇయ్యమమ్మా. ఫ్యామిలీస్‌కే."

బుకింగ్ చూపించాం. యాప్ వాళ్లతో తమకు ఇప్పుడు లెక్కలు లేవన్నాడు. లెక్కలు లేకపోతే యాప్‌లో మీ లాడ్జి ఎందుకుందని గద్వాల పిల్ల అడిగింది. దానికి జవాబు లేదు. గోడ మీద టీవీ వైపు చూస్తూ, ఎవరితోనో ఫోన్ మాట్లాడి, కాసేపటికి మనసు మార్చుకున్నవాడిలా, "సరే, రెండు రూములు తీసుకోండి, రెండు రోజులకు 4,500, కట్టేయండి" అన్నాడు. ఇప్పుడు అర్థమైంది కదా? ఆడపిల్లలకు ఇవ్వకూడదన్న నియమం 2,760 దగ్గర ఉంది, 4,500 దగ్గర లేదు! పద్దెనిమిదేళ్లు నిండి, చేతిలో ఆధార్ ఉన్న ఆడపిల్లలకు గది ఇవ్వొద్దని ఏ చట్టమూ చెప్పదు. ఈ ముక్క నేను గొంతు పెంచే చెప్పాను. "అయితే చట్టాన్నే అడుక్కోండి" అని ఆధార్ కార్డులు కౌంటర్ మీదికి తోశాడు.

మా 700 సంగతి అడిగితే యాప్ వాళ్లను అడగమన్నాడు. యాప్‌లో చాట్ తెరిస్తే మనిషి లేడు, మిషను. అది లాడ్జి వాళ్లు రద్దు చేసినట్టు ధ్రువీకరించాలంది. ఈయనేమో నేను రద్దు చేయలేదు, మీరే పోతున్నారు అంటాడు. ఆదోని పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. ఇంట్లో ఆమె కాలేజీ టూర్ అని చెప్పి వచ్చింది. వాళ్ల నాన్నకు తెలిస్తే మళ్లీ ఊరు దాటనివ్వడు.

అప్పుడు నంద్యాల పిల్లకు వాళ్లక్క గుర్తొచ్చింది. ఆ అక్క బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో ఆర్నెల్లు జావా కోర్సు చేసింది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే చోట్లు ఎన్నో, వాటికి వచ్చే పిల్లల కోసం హాస్టళ్లూ అన్నే. ఫోన్ చేస్తే అక్క రెండు నిమిషాల్లో హాస్టల్ ఆంటీతో మాట్లాడి, "పదిన్నర లోపు వచ్చేయండే, గేటు తీసి ఉంచుతుందంట" అంది. ఆటో అతను రాత్రిపూట, లగేజీ అని 300 అడిగి 250కి వచ్చాడు. నాకు ఎక్కువే అనిపించింది కానీ ఆ వేళ బేరమాడే ఓపిక ఎవరికీ లేదు.

హాస్టల్ నాలుగో అంతస్తులో గది. లిఫ్టు లేదు. నాలుగు ఇనుప మంచాలు, నాలుగు బీరువాలు, రెండు గదులకు కలిపి ఒక బాత్రూమ్. రోజుకు మనిషికి 400, భోజనం టిఫిన్‌తో సహా. అడ్వాన్సు లేదు. ఆధార్ జిరాక్సు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాసుకున్నారు, అంతే. (ఆదోని పిల్ల వాళ్లన్న నంబరిచ్చింది.) ఆంటీ మమ్మల్ని చూసి మొట్టమొదట అడిగిన మాట "తిన్నారా?" అని. మిగిలిపోయిందని చెబుతూనే వేడివేడి అన్నం, టమాటా పప్పు, బీరకాయ కూర, రసం, గడ్డ పెరుగు పెట్టింది. లాడ్జి కథ విని, "నెలకు ఇద్దరు ముగ్గురు ఇట్లనే వస్తారమ్మా అక్కణ్నుంచి" అని తాపీగా అంది. ఏడ్చిన పిల్లే రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

కష్టాలు చెప్పకపోతే అన్యాయం. పొద్దున ఆరున్నరకే బాత్రూమ్ ముందు బకెట్ల వరుస. ఆఫీసులకూ కోర్సులకూ పోయేవాళ్లకే ముందు దారి, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లం తర్వాత. గీజర్ నీళ్లు మా వంతు వచ్చేసరికి అయిపోయాయి. రాత్రి పదింటికి గేటు మూసేస్తారు, మొదటి రాత్రి మాకిచ్చింది మినహాయింపు. పక్క గదిలో గ్రూప్స్‌కు చదివే అక్క పదకొండింటికి మా నవ్వులు విని తలుపు కొట్టింది. ఆ తర్వాత గుసగుసలే.

శనివారం మెట్రోలో అమీర్‌పేట నుంచి మహాత్మా గాంధీ బస్టాండు దాకా. ఎర్ర లైను, మారే పని లేదు. మేం పోయినప్పుడు మెట్రో కనీస చార్జీ 11, ఎక్కువలో ఎక్కువ 69. ఆటోల గొడవ చూశాక ఇది పుణ్యం అనిపిస్తుంది. అక్కణ్నుంచి నడిచి సాలార్‌జంగ్ మ్యూజియం.

శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఎప్పుడు పోయినా, పన్నెండు కొట్టేలోపు గడియారం దగ్గరికి చేరుకోండి. గంట గంటకూ గడ్డం ఉన్న బుల్లి మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి మళ్లీ లోపలికి పోతాడు. పక్కనే ఒక కమ్మరి సుత్తితో సెకన్లు కొడుతూ ఉంటాడు. పన్నెండు దెబ్బలు చూడ్డానికి జనం బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు. చివరి దెబ్బకు అందరూ చప్పట్లు. నంద్యాల పిల్లది మెకానికల్ బ్రాంచి. లోపల పళ్లచక్రాలు ఎట్లా తిరుగుతున్నాయో ఇంకోసారి చూస్తేగానీ కదలనంది. మేం ఒంటిగంట దాకా కూర్చున్నాం. ఆ బుల్లి మనిషి బయటికొచ్చి, ఒకే ఒక్క దెబ్బ కొట్టి పోయాడు. గద్వాల పిల్ల ఆ తర్వాత గంటసేపు ఆమెతో మాట్లాడలేదు.

ముసుగు రెబెకా గురించి ఎంతమంది చెప్పినా తక్కువే. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద మేలిముసుగూ రాయే, ముసుగు లోంచి కనబడే ముఖమూ రాయే. అయితే అక్కడ సెల్ఫీల తోపులాట భరించలేం. నాకైతే దంతపు కుర్చీల గది దగ్గర ఎక్కువ నచ్చింది, అక్కడ జనం లేరు. ఇక్కడి వస్తువుల్లో చాలావరకు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొన్నవే. 1949లో ఆయన పోయాక, 1951లో మ్యూజియం తెరిచారు. ఆయన పెళ్లి చేసుకోలేదని చదివి ఆదోని పిల్ల, "చేసుకుని ఉంటే ఇన్ని కొననిచ్చుండేదా మే?" అంది. సగం గదులు కూడా చూడకుండానే మూడున్నర అయింది. రోజంతా ఇక్కడికే కేటాయించాల్సింది అని ముగ్గురి మాట, గద్వాల పిల్లది కాదు.

బిర్యానీ తిన్నాం, నలుగురికి 1,380. బాగుంది. ఆ రేటుకు మాత్రం కాదు.

చార్మినార్ ఎక్కడానికి టికెట్టు 25 రూపాయలు. లైను పొడుగు, మెట్లు ఇరుకు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరినొకరు రాసుకుంటూ పోవాలి. మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. 1591 నాటి కట్టడం మీద కూడా ప్రేమికుల పేర్లు గీకిన మహానుభావులకు దండం. పైనుంచి మక్కా మసీదు చూసి దిగేశాం. అసలు సంబరం లాడ్ బజార్‌లో. ఆదోని పిల్లకు ఉర్దూ ధారాళంగా వస్తుంది. నిన్న మెట్ల మీద ఏడ్చిన మనిషేనా అనిపించింది. లక్క గాజుల జత 600 చెప్పిన దుకాణదారుతో ఇరవై నిమిషాలు మాట్లాడి, అతని పిల్లల చదువు దాకా పోయి, 240కి తెచ్చింది. మాకు తలా ఒక జత. ఆ తర్వాత నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. నిలబడే తాగాలి. ఆ ఊళ్లో డబ్బు పెట్టి కొన్న తిండిలో నాకు నచ్చింది అదొక్కటే.

ఆదివారం గోల్కొండకు సిటీ బస్సుల్లో పోయాం, మెహదీపట్నంలో మారి. తెలంగాణ ఆడవాళ్లకు ఈ బస్సులు ఉచితం కాబట్టి, కండక్టరమ్మ గద్వాల పిల్ల ఆధార్ చూసి సున్నా టికెట్ చింపిచ్చింది. మా ముగ్గురివీ ఆంధ్రా కార్డులు, ఉచితం చెల్లదు. "1953లో మా కర్నూలు కూడా రాజధానే," అని నంద్యాల పిల్ల వాదన పెట్టుకుంది. కండక్టరమ్మ నవ్వి టికెట్లు కొట్టింది. ఆ పూటంతా గద్వాల పిల్ల సీట్లో కూర్చున్న తీరే వేరు.

కోటకు పొద్దున తొమ్మిదింటికే చేరండి. పదకొండు దాటితే రాళ్లు కాలుతాయి, పైగా జనం. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని అందరికీ తెలుసు, అందుకే అందరూ కొడుతుంటారు, అందువల్ల ఎవరిది ఎవరికి వినిపించిందో తేలదు. గైడ్ 800 అడిగాడు, వద్దన్నాం. కంచర్ల గోపన్నను, అంటే భక్త రామదాసును, బంధించిన చెరసాల దగ్గర మాత్రం ఆగండి. లోపల చీకటి, గోడ మీద చెక్కిన దేవుళ్లు. ఒక పెద్దావిడ ఆ గోడకు ఆనుకుని రామదాసు కీర్తన మెల్లగా పాడుతోంది. మా గుంపులో దేవుడంటే పడని గద్వాల పిల్ల కూడా చెప్పులు విప్పి నిలబడింది.

పైదాకా ఎక్కి దిగేసరికి పన్నెండు. ట్యాంక్‌బండ్ పోదామా, హాస్టల్‌కు పోదామా? ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో చికెన్ అని ఆంటీ పొద్దునే చెప్పింది. ఓటింగ్ పెట్టాం, హుస్సేన్ సాగర్ బుద్ధుడు నాలుగు సున్నాతో ఓడిపోయాడు. బగారా అన్నం, చికెన్ కూర, పెరుగు పచ్చడి. 1,380 బిర్యానీని మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రెండు రోజులకు 3,200 కట్టి, జిరాక్సులు వెనక్కి తీసుకుని బయల్దేరాం. మళ్లీ వచ్చేటప్పుడు ముందు ఫోన్ చేయమంది ఆంటీ, పరీక్షల సీజన్‌లో మంచాలు దొరకవట.

బస్టాండులో యాప్ నుంచి మెసేజ్. మా 700 వాపసు ఇచ్చేశారట. డబ్బుగా కాదు, కూపన్‌గా. ముప్పై రోజుల్లో వాళ్ల యాప్‌లోనే ఇంకో లాడ్జి బుక్ చేసుకుంటే తగ్గిస్తారట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు బస్సులో నుంచే ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. కూపన్ గడువు అయ్యేలోపు ఏదైనా తేలుతుందేమో చూడాలి.

మేం ఎక్కింది తెలంగాణ ఎక్స్‌ప్రెస్ బస్సు. గద్వాల పిల్లకు రాష్ట్ర సరిహద్దు దాకా మళ్లీ సున్నా టికెట్, అక్కణ్నుంచి కర్నూలుకు మాత్రం డబ్బులు కట్టాలి. మాకు ఇక్కణ్నుంచే పూర్తి చార్జీ. అలంపూర్ చౌరస్తా వచ్చేసరికి ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కండక్టర్ లేపి చిల్లర అడిగితే పర్సు అంతా వెదికి, మా ముగ్గురి వైపూ తిరిగి చెయ్యి చాపింది. ఎవ్వరం ఇవ్వలేదు.