పటమట బాల్కనీలో మూడేళ్లు గ్రో బ్యాగులు వాడాక

ముందే చెప్పేస్తాను. కూరగాయల ఖర్చు తగ్గుతుందని గ్రో బ్యాగులు (మట్టి నింపి మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచులు) కొనాలనుకుంటే కొనకండి. తగ్గదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లెక్కలు రాసేవాణ్ణి, ఇంటి లెక్క కూడా పైసాతో సహా రాసుకుంటాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మొదటి ఏడాది బ్యాగులు, మట్టి, ఎరువు, ట్రేలు కలిపి 4,300 అయింది. ఆ డబ్బుకి పటమట రైతుబజారులో ఏడాది పొడుగునా ఆకుకూరలు తెచ్చుకున్నా నా ఒక్కడికి ఇంకా మిగిలేవి. అయినా వీటికి ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను.

నేనుండేది మూడో అంతస్తులో, సింగిల్ బెడ్‌రూమ్. పదేళ్లపాటు నా వంటంటే కుక్కర్లో అన్నం పడేయడం, కింద కర్రీ పాయింట్‌లో ఒక పప్పు, ఒక వేపుడు కవర్లో కట్టించుకోవడం. కడుపులో మంట ఎక్కువై, బయటి కూరలు మానమని డాక్టరు గట్టిగా చెప్పాక 2022 ఆగస్టులో ఈ బ్యాగులు కొన్నాను. మానమన్నది కూరలు, నేను కొన్నది సంచులు. ఆ రెంటికీ ఏం సంబంధమో అప్పుడు నాకూ తెలీదు.

బాల్కనీ పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, పడమటి ముఖం. అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గుండ్రటి బ్యాగులు ఎనిమిది, ఆకుకూరలకి పొడుగాటివి నాలుగు తెచ్చాను. అందులో రోడ్డు పక్కన చవగ్గా దొరికిన పల్చటివి రెండో ఎండాకాలానికే అప్పడాల్లా చిట్లిపోయాయి. 260 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 260 గ్రాముల బరువు) అని రాసున్న మందపాటి వాటిలో ఒక్కటి తప్ప అన్నీ ఇప్పటికీ వాడుతున్నాను. ఆ ఒక్కటీ నా తప్పే. తడిమట్టితో నిండా ఉన్నదాన్ని ఒక్క చెవి పట్టుకుని ఈడ్చాను, కుట్టు ఊడిపోయింది.

మట్టి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎర్రమట్టి ఒక వంతు, కొబ్బరిపొట్టు ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు, బ్యాగుకి రెండు గుప్పెళ్లు వేపపిండి. కొబ్బరిపొట్టు ఐదు కిలోల ఇటుకలా వస్తుంది. నేను దాన్ని బకెట్లో పెట్టి నీళ్లు పోసి ఆఫీసుకెళ్లిపోయాను. సాయంత్రం తలుపు తీస్తే బకెట్ కనపడలేదు, బాత్‌రూమ్ నిండా పొట్టే. ముక్కలు చేసి కొంచెం కొంచెంగా నానబెట్టండి. రెండుమూడు సార్లు కడిగి పిండితేనే అందులో ఉప్పు పోతుంది. నేను కడక్కుండా వాడిన బ్యాగులో తోటకూర అంచులు మాడి, జానెడు కూడా ఎదగలేదు.

ఇంకోటి, ట్రేలు మొదటి రోజే కొనండి. నేను కొనలేదు. కింది ఫ్లాటు ఆంటీ ఆరేసిన తెల్ల దుప్పటి మీద ఎర్రనీళ్లు కారాయి. క్షమించమని గోంగూర పట్టుకెళ్తే, గోంగూర తీసుకున్నారు గానీ మాట కలపలేదు. ట్రేలు పెట్టాకే పలకరించారు.

ఇక ఏవి పండుతాయంటే, ఆకుకూరలు. తోటకూర విత్తిన నెలలోపే కోతకొస్తుంది. వేళ్లతో పీక్కుండా రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. గోంగూర నెలల తరబడి ఇస్తూనే ఉంటుంది. బచ్చలి తీగ ఒక్క ముక్క గుచ్చితే బాల్కనీ గ్రిల్లంతా అల్లుకుంటుంది, ఎండకి జంకదు. మెంతికూర, కొత్తిమీర చలికాలంలో మాత్రమే వేయండి. పుదీనాకైతే విత్తనం కూడా అక్కర్లేదు, బజారులో కొన్న కాడల్నే గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి.

టమాటా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మార్చి దాటితే పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. రాత్రిళ్లు కూడా వేడి తగ్గని మన ఊళ్లో కాయ నిలవదు. మిరప పరిస్థితీ అంతంతే. గుంటూరు పక్కనే ఉండి మిరప పండించలేకపోయాడంటే నవ్వుకుంటారని తెలుసు. ఆకులు ముడుచుకుపోతుంటే, మా ఆఫీసుకి పనిమీద వచ్చే ఒక మిర్చి రైతుకి ఫోన్లో ఫొటో చూపించాను. చూడగానే "పైముడత సార్. తామర పురుగు. కిందికి ముడిస్తే నల్లి అనుకోండి" అన్నాడు. 2021లో నల్ల తామర పురుగుకి చేను చేనంతా పోగొట్టుకున్న మనిషి, నా ఐదు మొక్కల్ని చూసి పాపం అనడం నాకే సిగ్గనిపించింది. లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారం వారం కొడితే మూడు మొక్కలు బతికాయి.

అసలు మాటకొస్తాను. బజారులో కట్ట దొరుకుతుంది. బ్యాగు కట్ట ఇవ్వదు, గుప్పెడిస్తుంది. గుప్పెడు తోటకూర వేపుడు చేస్తే రెండు ముద్దలకి రాదు, అదే పప్పులో వేస్తే రెండు పూటలు గడుస్తుంది. అలా నేను మొదట నేర్చుకున్నది పప్పు. గుప్పెడు మెంతికూరైతే పెసరపప్పులోకి, గుప్పెడు పుదీనా అయితే పచ్చడికి. ఇవాళ ఏం వండాలన్నది నేను ఆలోచించడం మానేశాను, పొద్దున్నే బాల్కనీలోకి వెళ్తే అదే తెలుస్తుంది.

తేలిగ్గా మాత్రం రాలేదు. మొదటిసారి గోంగూర పప్పు చేసినరోజు కందిపప్పు, గోంగూర, పచ్చిమిర్చి ఒకేసారి కుక్కర్లో పడేసి నాలుగు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే గోంగూర గుజ్జయిపోయింది, పప్పు మాత్రం పలుకు పలుకుగా ఉంది. ఇంకో నాలుగు రానిచ్చాను. అదే వరస. అమ్మకి ఫోన్ చేశాను.

"పులుపు తగిలాక పప్పు ఉడుకుతుందట్రా? పప్పు విడిగా ఉడికించి, మెదిపాక గోంగూర కలపాలి. అదీ చెప్పాలా?"

చెప్పాలి మరి. నలభై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కుక్కర్లోనే పప్పు పైన చిన్న గిన్నెలో గోంగూర పెడతాను, రెండూ ఒకేసారి ఉడుకుతాయి, ఒకదానికొకటి తగలవు.

కంద బచ్చలి రెండేళ్లు పట్టింది. బచ్చలి ఇంట్లోదే, కంద రైతుబజారుది. ఆవాలు, ఎండుమిర్చి నూరిన ముద్ద కూరలో కలిపి ఇంకాస్త ఉడకనిచ్చేవాణ్ణి, చేదెక్కేది. స్టవ్ కట్టేసి, కూర కాస్త చల్లారాక ఆవ పెట్టాలట. పెళ్లిభోజనాల్లో లొట్టలేసుకుంటూ తిన్నాను గానీ ఎప్పుడు కలుపుతారో అడగాలని తోచలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు మీ తోట అక్కరకొచ్చి ఉంటుందే అని కొందరు అడిగారు. రాలేదు. సింగ్‌నగర్ మునిగిన ఆ రోజుల్లో మాకు పడిన వానకే బ్యాగుల్లో తోటకూర మొదలంటా కుళ్లిపోయింది. బచ్చలి ఒక్కటి నిలబడింది. మొత్తం ఇంటిని పోషిస్తుందనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తగ్గించిన ఆ ఒక్క మార్కు ఎండాకాలానిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ప్లాస్టిక్ సంచిలో మట్టి ఎంత కాగుతుందో చెప్పాలా. మధ్యాహ్నం బ్యాగు పక్కన చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా ఉంటుంది. సగం నీడనిచ్చే ఆకుపచ్చ నెట్ కట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తే గాని నిలబడవు. ఒక్కపూట తప్పినా తలలు వేలేస్తాయి. అంటే ఏప్రిల్, మే నెలల్లో ఊరెళ్లడం కుదరదు.

ఈ ఏడాది మే నెలలో మేనకోడలి పెళ్లని నాలుగు రోజులు వెళ్లక తప్పలేదు. తిరిగొచ్చేసరికి గోంగూర ఎండి కట్టెపుల్లలు, తోటకూర ఆనవాలు లేదు, బచ్చలి కూడా ఈసారి వాడి గ్రిల్లుకి వేలాడుతోంది. మూలన, ఎప్పుడూ పట్టించుకోని వాము ఆకు మాత్రం దళసరి ఆకులతో దర్జాగా ఉంది. ప్రయాణపు సంచి కూడా విప్పకుండా శనగపిండి కలిపి, ఆ సాయంత్రం దాంతోనే బజ్జీలు వేసుకున్నాను.